ఊడదీస్తే వచ్చే అరలు

పెళ్లయి నేను విశాఖపట్నం వచ్చినప్పుడు నా పెట్టె ఎక్కడ పెట్టాలన్నది ఆ ఇంట్లో ఎవరికీ పెద్ద సమస్య కాలేదు. మామయ్య మంచం కింద ఖాళీ ఉంది, అక్కడికి తోసేశారు. ఆకుపచ్చ రేకు పెట్టె, మూత మీద రెండు గులాబీలు, అందులో ఒకటి రైల్లోనే గీసుకుపోయింది. మా నాన్న తునిలో కొన్నాడు. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే. దాని మీద ఏళ్ల తరబడి ఒక మనిషి నిద్రపోయాడు.

మామయ్యది పోర్టులో పని. ఆయన చెడ్డవాడని నేననను. నన్ను గట్టిగా ఒక మాట అని ఎరగడు. కానీ షిఫ్టుల మనిషి, రాత్రి డ్యూటీ చేసి వస్తే పగలంతా పడుకోవాలి. ఒకటిన్నర గది క్వార్టరు. అందులో అత్త, మామ, ఇద్దరు మరుదులు, మేమిద్దరం. డెబ్బైల చివరి సంవత్సరాలవి. మా ఆయన అప్పటికి ఎవరో కంట్రాక్టరు కింద వెల్డింగు పని చేస్తుండేవారు. గాలి మావైపు తిరిగిందంటే ఖనిజం ధూళి వచ్చి కిటికీ చెక్కల మీద ఎర్రగా కూర్చునేది. ఆ పేటలో బట్టలు తిరగేసి ఆరేసేవాళ్లం, ఆరీ ఆరగానే లోపలికి తెచ్చి ఎక్కడో ఒకచోట మూసిపెట్టేవాళ్లం. మిగతా అందరి బట్టలకూ గోడకు చెక్క అరలున్నాయి, వాటికి పాత దుప్పటి తెర ఉంది. నా బట్టల సంగతి అడిగితే, నీకు పెట్టె ఉంది కదా అన్నారు.

రేకు పెట్టెను గచ్చు మీద లాగితే వచ్చే చప్పుడు పక్క క్వార్టరు దాకా వినిపిస్తుంది. మామయ్య ఉలిక్కిపడి లేస్తాడు, అత్త నావైపు ఒక చూపు చూస్తుంది. అందుకని ఆయన డ్యూటీ నుంచి రాకముందే ఆ రోజుకు కావలసినవి తీసి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఏదైనా మరిచిపోతే సాయంత్రం దాకా దాని ముఖం చూడక్కర్లేదు. ఎవరైనా పేరంటానికి పిలిచి వెళ్తే కట్టుకున్న చీరతోనే వెళ్లేదాన్ని. కొత్త కోడలికి ఒక్క మంచి చీర కూడా పెట్టలేదా పుట్టింటివాళ్లు అని అక్కడ గుసగుసలు. పెట్టారు తల్లీ, మా మామగారి నడుము కింద ఉన్నాయి అని చెప్పాలనిపించేది.

చెప్పడానికి సిగ్గుపడే వయసు దాటిపోయాను కాబట్టి ఇదీ చెబుతాను. నెలసరి గుడ్డలు కూడా ఆ పెట్టెలోనే ఉండేవి. ఇంకెక్కడ పెడతాను? ఆ మూడు రోజులూ నన్ను వెనక వరండాలో కూర్చోబెట్టేవారు. ఇంట్లో దేన్నీ ముట్టుకోకూడదు, నా పెట్టెను కూడా. కాబట్టి నా గుడ్డ నాకు కావాలంటే అత్తను అడగాలి, అత్త వెళ్లి మామయ్యను లేపాలి, ఆయన కళ్లు నులుముకుంటూ కాళ్లు పైకి పెట్టుకోవాలి, అప్పుడు పెట్టె బయటికి రావాలి. ఇంట్లో ఉన్న మగవాళ్లందరికీ అది ఎందుకో తెలుసు. ఒకసారి అత్త ఊరికి వెళ్లినప్పుడు నాకు నెలసరి ముందే వచ్చింది. మామయ్యను నేనెలా లేపేది? చిన్న మరిదిని ఎలా అడిగేది? పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఆ వరండాలో గోడకు వీపు ఆనించి, లేవకుండా కూర్చున్నాను. ఆ రోజు మామయ్య గురక వింటూ నేను కోరుకున్నది నగలూ కాదు, ఇల్లూ కాదు. ఎవరినీ అడగకుండా తెరుచుకునే చోటు ఒకటి, ఎంత చిన్నదైనా సరే, కావాలనుకున్నాను.

తర్వాత కొన్నేళ్లకు మామయ్య రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసే రోజున జరిగింది చెప్పకపోతే మా ఆయన తర్వాత చేసిన పని అర్థం కాదు. గోడకున్న ఆ చెక్క అరలు మామయ్య సొంత చేతులతో పెట్టుకున్నవి. ఓడల్లో సరుకు కింద వేసే గట్టి చెక్క ఎక్కడో కొని, చిత్రిక పట్టించి, గోడలోకి ఇనుప కొక్కేలు దింపి సిమెంటు చేసి మరీ బిగించాడు. ఖాళీ చేసేటప్పుడు వాటిని తీయబోతే పెచ్చులు ఊడొచ్చాయి. గోడలు ఎలా ఇచ్చారో అలా అప్పజెప్పాలన్నది ఏ క్వార్టరుకైనా ఉన్న పద్ధతే. మామయ్య ఊడిన పెచ్చును చేత్తో అద్ది, భుజం మీది తువ్వాలుతో అరలు మూడూ తుడిచి, అలాగే వదిలేసి బయటికి వచ్చాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి అదంతా చూశారు. ఆ ఏడాది తిరక్కుండానే మామయ్య పోయాడు.

ఎనభైల మధ్యలో మా ఆయనకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది, ఆ వెనకే ఉక్కునగరంలో క్వార్టరు. మరుదులిద్దరూ ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, అత్త. అత్త తనతోపాటు మామయ్య మంచాన్ని తెచ్చుకుంది. అన్ని సామాన్లూ దిగకముందే నేను గదులు చూసొచ్చాను. పడకగది గోడలో గచ్చు నుంచి కప్పు దాకా ఒక గూడు వదిలారు, నేను లోపల నిలబడితే పట్టేంత వెడల్పు. తలుపులు లేవు, అరలు లేవు, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు పెట్టుకోవడానికి. నేను నిజంగానే అందులోకి వెళ్లి నిలబడి చూశాను. పిల్లలు నవ్వారు.

కడప బండలు తెచ్చి అరలుగా బిగించి సిమెంటు చేయిద్దామని అడిగాను. పక్క బ్లాకులో అలాగే చేయించుకున్నారు. మా ఆయన ఒప్పుకోలేదు.

"గోడలో దిగేసింది కంపినీది. ఊడదీత్తే వొచ్చింది మనది. మా అయ్య సెక్కలు సూసేవు కదా?"

అది ఆయన ఒక్కరి తిక్క కాదు. క్వార్టర్లలో పుట్టి పెరిగిన వాళ్లందరిదీ అదే పద్ధతి. ఏదైనా పెడితే గంటలో విప్పి లారీ ఎక్కించేలా ఉండాలి. దేవుడి పీట కూడా మేకుకు తగిలించేదే ఉంటుంది గాని గోడలో గూడు ఉండదు. బదిలీ లేకపోయినా, రిటైర్మెంటుకు పాతికేళ్లున్నా, మనసులో ఎప్పుడూ సామాను కట్టుకునే ఉంటారు. నాకు బండలైతేనేం, చెక్కలైతేనేం. సరే, మీ ఇష్టం వచ్చినట్టు చేయండి, చేస్తే చాలు అన్నాను.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేను. పెట్టగలిగితే ఇంత బాధ ఉండేది కాదు. కూర్మన్నపాలెం జంక్షన్లో ఆయన స్నేహితుడికి వెల్డింగు షాపు ఉంది. ఆదివారాలు అక్కడికి పోయి కూర్చునేవారు. సన్నని ఇనుప చువ్వలు కోసి, వేలు పట్టేంత సందు వదిలి, అడ్డంగా రెండు చువ్వల మీద పేర్చి అతికేవారు. చెక్కయితే చెదలు పడుతుంది, మూసిన అరయితే వానాకాలం బట్టలు ముక్కిపోయిన వాసన వేస్తాయి, చువ్వల మధ్య నుంచైతే గాలి ఆడుతుంది అని ఆయన వాదన. నాలుగు నిలువు గొట్టాలు. వాటి అడుగున, తలన మరలున్న బోల్టులు. గూట్లో నిలబెట్టి నట్టు తిప్పితే గొట్టం సాగి, కింద గచ్చుకూ పైన కప్పుకూ బిగుసుకుంటుంది. సున్నం గీసుకుపోకుండా పాత సైకిల్ టైరు ముక్కలు అడ్డం. అరలు ఆ గొట్టాలకు కొక్కేలతో వేలాడతాయి. ఒక్క మేకు లేదు, గోడకు ఒక్క చిల్లు లేదు. ఆయన పొంగిపోయారు. బ్లాకులో మగవాళ్లంతా వచ్చి దాన్ని పట్టుకుని ఊపి చూశారు, కదల్లేదు. బావా మా ఇంటికి కూడా ఒకటి అని అడగని వాడు పాపాత్ముడు. అత్త ఒక్కతే, ఇనప చువ్వల మీద బట్టలు పెడితే చిల్లులు పడవా అని మూతి తిప్పింది.

అన్నిటికంటే పై అర ఎక్కడ పెట్టాలన్నప్పుడు ఆయన నన్ను పిలిచారు. చేతిలో సుద్దముక్క ఉంది.

"ఏదీ, నీ సెయ్యి ఎంతవరకూ అందుతాదో సూపించు."

గూటి ముందు నిలబడి, మడమలు ఎత్తకుండా చెయ్యి పైకి చాపాను. నా వేళ్ల చివర ఉన్నచోట గోడ మీద గీత గీశారు. పిల్లలకు అందకూడదు, అమ్మకు అందకూడదు, నీకు అందాలి అన్నారు. పెళ్లయ్యాక ఆయన నా గురించి ఏదైనా కొలిచి చూడటం అదే మొదలు. నీకు అందాలి అన్న మాట ఆయన నోటి నుంచి వచ్చిందే, నేను కల్పించింది కాదు.

ఆ పై అర నాది. కింది అరల్లో పిల్లల బట్టలు, ఆయన డ్యూటీ బట్టలు, దుప్పట్లు. పైన నా చీరలు, జాకెట్టు ముక్కలు, బొత్తాలు వేసుకునే బిస్కెట్ల డబ్బా, మా అమ్మ ఇచ్చిన కుంకుమ బరిణె, వాడకుండా దాచుకున్న మంచి సబ్బు ఒకటి. ఆ మూలగా గుడ్డ సంచిలో చుట్టి నా గుడ్డలు; కొత్త క్వార్టరుకొచ్చాక వరండాలో కూర్చోబెట్టడం పోయింది. చువ్వల అచ్చులు చీరల మీద పడుతున్నాయని అడుగున పాత చీర ముక్క పరిచాను. ముందు తెర కట్టాను, పోర్టు క్వార్టర్ల నాటి అలవాటు పోలేదు. ఖాళీ అయిన రేకు పెట్టెను అటక మీదికి ఎక్కించాను. ఎక్కిస్తుంటే రెండో గులాబీ కూడా గీసుకుపోయింది, పోనిమ్మనుకున్నాను. నవ్వుతారేమో గాని, ఏ పనీ లేకపోయినా మధ్యాహ్నాలు వెళ్లి ఆ తెర తీసి చూసి మళ్లీ వేసేదాన్ని. ఎవరూ ఎందుకని అడగలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. మా ఆయన అక్కగారు, ఆయన అప్ప అంటారు, నాకు వదిన, కూర్మన్నపాలెం అవతల చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకుంది. అందరిలోకీ సొంత ఇల్లు మొదట కట్టింది ఆవిడే. గృహప్రవేశానికి పుట్టింటి నుంచి తమ్ముడు ఏదో ఒకటి పట్టుకెళ్లాలి. అది ఎక్కడైనా ఉన్నదే, నేను కాదనను. బిందె తీసుకుందామా, కుర్చీలు తీసుకుందామా అని అత్తా ఆయనా అనుకుంటుంటే విన్నాను. ఆ వారమే బ్లాకులో ఆడవాళ్లు సింహాచలం వెళ్తుంటే నేనూ బయల్దేరాను. మొక్కేమీ లేదు. కొండెక్కి, దణ్ణం పెట్టుకుని, మెట్ల దగ్గర పిల్లలకు గాజులూ బొమ్మలూ కొని, మధ్యాహ్నం బస్సుకు ఇంటికొచ్చాను.

పడకగదిలో గూడు ఖాళీగా ఉంది. గొట్టాలు లేవు, అరలు లేవు. కప్పుకు టైరు ముక్కల నల్లటి మరకలు నాలుగు, గోడ మీద సుద్ద గీత, అంతే మిగిలింది. ఆ గదిలోనే వేసిన మామయ్య మంచం మీద నా చీరలు దొంతరగా పెట్టి ఉన్నాయి. అటక మీది పెట్టె కిందికి దిగి, మూత తెరిచి ఉంది. దొంతర మీద అన్నిటికంటే పైన నా గుడ్డ సంచి. ముడి విప్పి ఉంది, లోపల ఏముందో చూసి మళ్లీ పెట్టారు. పై అర ఖాళీ చేసింది అత్త కాదు, ఆవిడకు అందదు. మా ఆయన, వాళ్ల బావ కలిసి ఖాళీ చేశారట. బావ రిక్షా మాట్లాడుకొచ్చి పట్టుకెళ్లిపోయాడట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన్ను అడిగాను, ఒక్క మాట నన్ను అడగొచ్చు కదండీ అని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

"ఇంట్లో వొస్తువు ఇంట్లో మనిసికి ఇత్తే అడగడమేటి? అప్ప నోరు తెరిసి అడిగింది. ఒట్టి సేతుల్తో ఎల్తామేటి? నీకు నాను మళ్లీ సేత్తాను."

ఊడదీస్తే వచ్చింది మనది అన్నప్పుడు ఆ ‘మన’లో నేను లేనని నాకు అప్పుడు తెలిసింది. సిమెంటు చేసి ఉంటే కంపెనీదయ్యేది నిజమే. కానీ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాదిగా ఉండేది. కంపెనీ వచ్చి నా చీరలు మంచం మీద పడేయదు. ఈ మాటలన్నీ నాకు ఆ రోజే వచ్చాయి. అన్నాను కూడా. అత్త పక్క గదిలోంచి, ఇనప చువ్వల కోసం ఇంత ఏడుపా అంది. నేను ఏడవలేదు. పెట్టెలో చీరలు సర్దుకున్నాను. సర్దడం అవ్వగానే ఆయనే, మంచి మనసుతోనే, పెట్టెను కాలితో మంచం కిందికి తోశారు. అటక మీదైతే నీకు దించుకోవడం కష్టం కదా అన్నారు.

గృహప్రవేశానికి వెళ్లాను. వెళ్లకపోతే మాట వస్తుంది. వచ్చిన వాళ్లందరినీ వదిన లోపలికి తీసుకెళ్లి మా తమ్ముడు చేశాడని అరలు చూపించింది. వాళ్ల గూడు మా గూటికంటే ఎత్తు, గొట్టాలు పూర్తిగా సాగదీసినా అందీ అందనట్టుగా ఊగుతున్నాయి. మా ఆయన నట్లు బిగించి బిగించి చెమటలు కక్కారు. నేను వంటింట్లో కూర్చుని వంకాయలు తరిగాను.

మళ్లీ చేస్తానన్నారు కదా. చేయకేం, చువ్వలు కొనుక్కొచ్చారు కూడా. వరండాలో మూలకు ఆనించారు. ఒక ఆదివారం స్నేహితుడి కొడుకు పెళ్లి, ఒక ఆదివారం ఓవర్టైము, ఒక ఆదివారం యూనియన్ మీటింగు. మధ్యలో బ్లాకులో ఇద్దరికి అరలు చేసి పెట్టారు, వాళ్లు వెంటపడి అడిగారట. నేనూ అడిగాను. ఇంటి మనిషి అడిగితే అడిగినట్టు లెక్క కాదు. సముద్రం గాలికి ఆ చువ్వలు తుప్పు పట్టి, వానకు కారి, వరండా గచ్చు మీద ఎర్రటి చారలు తీశాయి. పాత పోర్టు క్వార్టరు కిటికీలు గుర్తొచ్చేవి. రాయి పెట్టి రుద్దినా పోలేదు. చివరికి ఒకరోజు పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాను. చువ్వలు ఏవని ఆయన అడగలేదు.

ఈలోగా నా బతుకు మళ్లీ మంచం కిందికి వచ్చింది. అత్తకు మోకాళ్ల నొప్పులు, పగలు ఎక్కువసేపు పడుకునే ఉండేది. పాపం పెద్దావిడ, నొప్పితో ఇప్పుడే కళ్లు మూసింది, లేపకు అని పిల్లలు కూడా నాకు చెప్పేవాళ్లు. ఒక మధ్యాహ్నం నాకు గుడ్డ అవసరమై మంచం దగ్గర నిలబడ్డాను. నాకు ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తల్లిని, పడకగదిలో పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పాను, కొత్తవి నాకు అక్కర్లేదు, నావి నాకు తెచ్చిపెట్టండి అని. గొడవ చేయలేదు. అన్నం పెట్టకుండా ఎదురుగా కూర్చున్నాను. ఆయన పడకగదిలోకి, గోడ మీది సుద్ద గీత వైపు చూశారు. సరే పద, వాళ్ల గూట్లో ఎలాగూ సరిగ్గా పట్టలేదు, అప్ప కాదనదు అన్నారు.

మర్నాడు ఆయనకు సెలవు. జేబులో స్పానర్ పెట్టుకున్నారు. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. దారి పొడుగునా నా మనసు బాగుంది. పై అరలో ఏది ఎక్కడ పెట్టాలో అనుకుంటూ కూర్చున్నాను.

వదిన మజ్జిగ ఇచ్చింది. మా ఆయన అటూ ఇటూ కదిలి, అరలు ఎలా ఉన్నాయప్పా, ఒకసారి చూస్తాను అని లోపలికి వెళ్లారు. ఆయన వెనకే నేనూ వెళ్లాను. గొట్టాల పాదాలు కనబడలేదు. గచ్చులోకి దిగిపోయాయి. అరల చివరలు రెండు వైపులా గోడలోకి వెళ్లిపోయాయి, చుట్టూ సిమెంటు నున్నగా పూసి, పైన సున్నం కొట్టి ఉంది. నట్టు అన్నదే ఎక్కడా లేదు తిప్పడానికి. మా వెనకే వదిన వచ్చింది.

"ఊగుతంటే బయమేసి మేస్త్రీ సేత సిమెంటెట్టించీసాం రా. మన సొంత గోడే కదా, ఊడదీసేదేటుంది?"

మా ఆయన స్పానర్ ఉన్న జేబు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డారు. ఆయన ముఖం చూస్తే మామయ్య తువ్వాలుతో అరలు తుడిచిన రోజు గుర్తొచ్చింది. నాకు జాలి వేసిందని చెబితే అబద్ధం. ఇంతలో వదినకు ఏదో జ్ఞాపకం వచ్చింది. ఆవిడ నాకంటే జానెడు పొట్టి. పై అరకు ఆవిడకు స్టూలు కావాలి, మోకాళ్ల నొప్పులతో స్టూలెక్కలేదు, వాళ్లాయన ఇంట్లో లేడు.

"నాకందదే తల్లీ. ఆ పైనున్న డబ్బా కొంచిం దించుదూ."

గూటి ముందు నిలబడ్డాను. మడమలు ఎత్తక్కర్లేకపోయింది. వాళ్ల మేస్త్రీ అరను ఉన్నచోటే ఉంచి సిమెంటు చేశాడు, చెయ్యి చాపితే వేళ్ల చివరలు సరిగ్గా చువ్వకు తగిలాయి. డబ్బా దించి వదిన చేతిలో పెట్టాను. ఆవిడ ఎంత ఎత్తు పెట్టాడే మీ ఆయన, ఎవరికి అందాలని అని నవ్వింది. మా ఆయన అక్కడి నుంచి బయటికి వెళ్లిపోయారు.

మేము ఇంటికి చేరేసరికి మూడయింది. చెమటకు చీర ఒంటికి అంటుకుపోయింది. అత్త మంచం మీద పడుకుని ఉంది. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు, లోపలికి రాలేదు. చీర మార్చుకోవాలంటే అత్తను లేపాలి. లేపాను.